తీసేసిన గడిలో ఏడు పేర్లు

పెదజాలరిపేట,
విశాఖపట్నం.
ఆగస్టు 19

అమ్మకి,

నీ చిన్నకూతురు ధనశ్రీ దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ నాన్నా కులాసాగానే ఉన్నాం. అక్కడ అండమాన్ హట్ బేలో నువ్వూ, నూకాలక్కా, బావా, బుల్లిగాడూ అంతా చల్లగా ఉన్నారని తలుస్తాను. నాన్న బీపీ మాత్రలు మానడం లేదు. పొద్దున్న టీ గ్లాసుతో పాటు మాత్ర కూడా చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడుతున్నాను. ఆ బెంగ మానెయ్యి.

ఓడలో వచ్చిన సూర్యకాంతమ్మ పిన్ని చేతికిచ్చి నువ్వు పంపిన ఉత్తరం అందింది. ఎండు కొబ్బరీ అందింది. బుల్లిగాడికి కింద రెండు పళ్లు వచ్చాయని చదివి నాన్న పేటంతా చెప్పుకొచ్చాడు. వీధి చివర టీ కొట్టాయన నాకెదురొచ్చి, "మీ నాన్న మనవడికి పళ్లొచ్చాయంట గదా, ఏ చేపైనా నమిలేత్తాడంట!" అన్నాడు. అంతవరకూ వెళ్లింది సంగతి.

అమ్మా, ఈసారి నా దగ్గర చాలా పెద్ద కబురుంది. ఫోనులో చెబుదామంటే మీ దీవిలో సిగ్నలు నాలుగు మాటలకే తెగిపోతుంది. ఇది నాలుగు మాటల్లో అయ్యేది కాదు. అందుకే ఈరోజు సెలవు పెట్టి, నాన్న చేపల వేటకి వెళ్లగానే గుమ్మంలో కూర్చుని మొదలుపెట్టాను. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువుతానని మాట ఇచ్చి అప్పుడు చదువు.

ముందు నువ్వడిగిన దానికి జవాబు. "వెబ్‌సైట్‌లో గడులు సరిసేసేనని గొప్పగా రాసేవు, ఏటా గడులు? గళ్ల సీరలేటైనా నేత్తన్నారా మీ ఆఫీసులో?" అని రాశావు. చదివి నేనొక్కదాన్నే నవ్వుకున్నాను.

మా రక్తదాతల సంఘం సీతమ్మధారలో ఒక క్లినిక్ పైన ఉన్న రెండు గదుల్లో నడుస్తోందని నీకు తెలుసు కదా. సంఘం నడిపేది దేవీప్రసాద్ గారు, పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. మా వెబ్‌సైట్‌లో ఆరువందల పన్నెండు మంది దాతల పేర్లున్నాయి. ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ. ఆ పేజీలో ఏం రాయాలో గడులుంటాయి: పేరు, ఫోను నంబరు, ఉండే చోటు, పుట్టిన ఊరు, చేసే పని, ఆఖరిసారి రక్తం ఇచ్చిన తేదీ, రక్తం గ్రూపు. వెబ్‌సైట్ కొన్నప్పుడు ఇవన్నీ రావు. మనకేం కావాలో చూసుకుని మనమే తయారు చేసుకోవాలి. వాటిని కస్టమ్ ఫీల్డులంటారు. దేవీప్రసాద్ గారికి ఆ పేరు నోరు తిరగక గడులంటారు, నాకూ అదే అలవాటైపోయింది.

వెబ్‌సైట్ తయారుచేసినాయన ఊరు విడిచి వెళ్లిపోయి రెండేళ్లయింది. ఆయన పెట్టిన రక్తం గ్రూపు గడిలో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేశారు. ఒకరు గుర్తు పెడితే, ఒకరు ఇంగ్లీషులో అక్షరాలా రాశారు, ఇంకొకరు తెలుగులో రాశారు. వెతికితే సగం మంది దొరికేవారు కాదు. అందుకని జులైలో నేను ఆ పాత గడి తీసేసి, కొత్త గడి పెట్టాను. ఎనిమిది గ్రూపులూ వరసగా కనిపిస్తాయి, ఒకదాని మీద నొక్కితే చాలు. పాత రాతలన్నీ ఒక పట్టికలోకి దించి, సరిచేసి, కొత్త గడిలోకి ఒకేసారి ఎక్కించేశాను. పేజీ చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉందో! నీకు గొప్పగా రాసింది అదే.

ఇక అసలు కబురు. పోయిన నెలాఖరు సోమవారం, పొద్దున్న పదిన్నరకి భీమునిపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. పేరు ఎల్లారావు, మనలాగే వేట చేసుకునేవాళ్లు. చేతిలో ఆసుపత్రి చీటీ చెమటకి తడిసిపోయి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, మా ఇంటిదానికి రేపు పొద్దున్న ఆపరేసనండి. మాయ కిందకి దిగిపోయుందంట, రగతం ఎక్కువ పోద్దంట. ఓ నెగటివ్ అంట. ముందుగా రెండు యూనిట్లు తెచ్చి పెట్టమన్నారు. రెండు బ్లడ్ బ్యాంకులు తిరిగేను, నేదన్నారు. మీ కాడ పేర్లుంటాయని సెప్పేరు."

"ఉంటాయండీ, ఉండండి" అని ధీమాగా అన్నాను. వెతికే చోట ఓ నెగటివ్ నొక్కాను.

దాతలు ఎవరూ లేరు అని వచ్చింది.

మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. దేవీప్రసాద్ గారు నా వెనక నిలబడి కళ్లజోడు సర్దుకుని చూశారు. "అదేంటమ్మా, మొన్న ఉగాది క్యాంపులో ఒక్కరోజే ఇద్దరు నెగటివ్ వాళ్లు రాయించుకున్నారు కదా!" అన్నారు.

అమ్మా, ఆ గడి మీద చెయ్యి వేసింది నేను తప్ప ఇంకెవరూ లేరు.

ఎల్లారావు గారు మా మొహాలు చూస్తున్నాడు. "లేరేటమ్మా?" అన్నాడు చిన్నగా.

"ఉన్నారు. ఇందులోనే ఎక్కడో ఉన్నారు. నాకు కాస్త టైమివ్వండి" అన్నాను. అనేశాను గానీ, ఎక్కడున్నారో నాకే తెలీదు.

దేవీప్రసాద్ గారు వెంటనే కదిలారు. పక్కగదిలోకి వెళ్లి, క్యాంపుల్లో నింపిన కాగితాల కట్టలు బయటికి లాగారు. ఆరువందల పన్నెండు కాగితాలు, ఏ వరసా లేకుండా ఉన్నాయి. "నువ్వు దాని సంగతి చూడు. నేను వీటి సంగతి చూస్తాను" అని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎల్లారావు గారు కూడా ఆయన పక్కన కూర్చుని కట్టలు విప్పి అందివ్వడం మొదలుపెట్టాడు.

నేను ముందు వెతికే చోటే పాడైందేమో అనుకున్నాను. ఓ పాజిటివ్ నొక్కితే రెండువందల పైగా పేర్లు బిలబిలమంటూ వచ్చాయి. అంటే అది బాగానే ఉంది. వెబ్‌సైట్ ఒక్కోసారి తొందరగా తెరుచుకోవడానికి పాత కాపీ దాచిపెట్టుకుని అదే చూపిస్తుంది, అదేమోనని ఆ కాపీ తుడిచేశాను. అయినా ఎవరూ లేరు. అప్పుడు సాయిశంకర్ గారు గుర్తొచ్చారు. ఆయన స్టీల్ ప్లాంటులో పనిచేస్తారు, వచ్చినప్పుడల్లా "నాది ఓ నెగటివమ్మా, నన్ను జాగ్రత్తగా చూసుకోవాలి మీరు" అని జోకులేస్తారు. ఆయన పేజీ తెరిచాను. గ్రూపు దగ్గర ఓ పాజిటివ్ అని ఉంది!

అక్కడే నాకు మొదటి దారి దొరికింది. వెతకడంలో తప్పు లేదు, గడిలో ఉన్నదే తప్పు.

గడి తయారుచేసిన చోటికి వెళ్లి, నేను పెట్టిన ఎనిమిది వరసలూ తెరిచి చూశాను. ప్రతి వరసకీ రెండు పేర్లుంటాయమ్మా. ఒకటి మనకి కనిపించేది, రెండోది కంప్యూటర్ లోపల దాచుకునేది. నేను కనిపించే పేర్లు రాసి, దాచుకునే పేర్లు దాన్నే పెట్టుకోమని వదిలేశాను. అదేం చేసిందంటే, ప్లస్సులూ మైనస్సులూ పేర్లలో పనికిరావని అన్నీ కోసేసింది. ఓ ప్లస్సూ ఓ, ఓ మైనస్సూ ఓ. ఏ ప్లస్సూ ఏ, ఏ మైనస్సూ ఏ. ఎనిమిది గ్రూపులు నాలుగైపోయాయి. ఒకే పేరు రెండు వరసలకి వస్తే, ముందున్న పాజిటివ్‌నే లెక్కలోకి తీసుకుంటుంది. వెబ్‌సైట్ మొత్తం మీద ఒక్క నెగటివ్ మనిషి లేడు, అందరినీ నేనే పాజిటివ్ చేసేశాను. మూడు వారాలు అలాగే ఉంది, ఎవరూ చూసుకోలేదు.

పాత పట్టికైనా ఉందా అంటే, సరిచేసేటప్పుడు దాని మీదే సేవ్ చేసేశాను. పాత గడి తీసిపారేశాను. నాకు ఏడుపొచ్చేసింది. కానీ ఎల్లారావు గారు గుమ్మంలోంచి చూస్తున్నాడు, ఏడిస్తే ఆయన ఏమైపోతాడు?

మొహం కడుక్కుని వచ్చి, ఇంటర్నెట్‌లో మాలాంటి పని చేసేవాళ్లు అనుమానాలు రాసుకునే చోట చదవడం మొదలుపెట్టాను. అక్కడ ఒక ముక్క కనిపించింది. గడి తీసేస్తే పేజీ మీద కనిపించడం మానేస్తుంది గానీ, అందులో రాసినవి లోపల అలాగే పడి ఉంటాయట! అదే పేరుతో గడి మళ్లీ పెడితే పాత రాతలన్నీ తిరిగి కనిపిస్తాయట. కుర్చీలోంచి లేచిపోయాను. "సార్, ఉన్నాయి! పోలేదు!" అని అరిచాను. ఆయన తొంభై కాగితాలు తిప్పి ఒక్క ఏ నెగటివ్‌ని పట్టుకున్నారు, అంతే.

అయితే అదే పేరు అంటే లోపలి పేరు, అక్షరం పొల్లు పోకూడదు. పాతాయన ఏం పేరు పెట్టాడో నాకు గుర్తులేదు. బ్లడ్ అని పెట్టాను, ఖాళీ. బ్లడ్ టైప్ అని పెట్టాను, ఖాళీ. గ్రూప్ అని ఒక్కటే పెట్టాను, అదీ ఖాళీయే. బ్లడ్ గ్రూప్ అన్నది నా కొత్త గడి పేరే, కాబట్టి అది కాదు. అప్పటికి పన్నెండున్నర అయింది. ఆసుపత్రివాళ్లు దాతలు సాయంత్రం అయిదు లోపు వచ్చి తీరాలన్నారు, తర్వాత పరీక్షలకి టైము చాలదట.

ఏం చెయ్యాలో తోచక, దాతల పేజీ ఎలా కనబడాలో రాసిపెట్టిన ఫైలు తెరిచాను. నేను పైపైన మార్చినప్పుడు పాతాయన వరసలు కొన్ని కొట్టివేసి ఉంచాను గానీ తుడిచెయ్యలేదు. కిందనుంచి పైకి ఒక్కో వరసా వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను. దొరికిందమ్మా! ఆ మహానుభావుడు బ్లడ్ గ్రూప్ అని ఇంగ్లీషులో రాస్తూ బ్లడ్‌లో ఒక ఓ మింగేశాడు. రెండు ఓలుండాల్సిన చోట ఒకటే ఉంది. ఆ తప్పు పేరుతోనే గడి పెట్టాను. సాయిశంకర్ గారి పేజీ తెరిచాను.

ఓ నెగటివ్!

ఆరువందల పన్నెండు పేజీల్లోనూ పాత రాతలు ఎలా ఉన్నవి అలాగే వచ్చేశాయి, ఎవరి చేతిరాత తప్పులు వాళ్లవే. ఇంకో వింత చెప్పనా? ఆయన స్పెల్లింగు సరిగ్గా రాసి ఉంటే, నేను పెట్టిన కొత్త గడి పేరు కూడా అదే అయ్యేది. నా పాజిటివ్‌లన్నీ వెళ్లి ఆ పాత రాతల మీదే కూర్చునేవి. ఇక ఎవరి తరమూ అయ్యేది కాదు. బడిలో స్పెల్లింగు తప్పులకి నేను తిన్న దెబ్బలన్నీ గుర్తొచ్చాయి.

అప్పుడే చెప్పేశాను దేవీప్రసాద్ గారికి, ఇదంతా నా వల్లే జరిగిందని. ఆయన మోకాళ్లు పట్టుకుని లేస్తూ, "తిట్టడానికి రేపు కూడా ఆఫీసుకొస్తాను. ముందు ఫోన్లు చెయ్యి" అన్నారు.

ఓ నెగటివ్ వాళ్లు మొత్తం ఏడుగురు తేలారు. సాయిశంకర్ గారు డ్యూటీలో ఉన్నారు, రెండింటికి షిఫ్టు దిగగానే అటే వచ్చేస్తానన్నారు. మిగతావాళ్లలో ఒకరు గుజరాత్ వేటకి వెళ్లి ఉన్నారు. ఒకరు నెల కిందటే ఇచ్చారు. ఒకావిడ పాలిచ్చే తల్లి. ఒకరికి పన్ను తీయించుకున్నందుకు మందులు నడుస్తున్నాయి. ఒకరి నంబరు పనిచెయ్యడం లేదు. మిగిలిన ఒక్కాయన మల్కాపురంలో ఉంటారు. ఆయన వచ్చి ఇచ్చారు. ఆయన సంగతి కాస్త ఆగి రాస్తాను.

మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి ఎల్లారావు గారి ఫోను. "ఆడపిల్లమ్మా! ఇద్దరూ బాగున్నారు! రెండు యూనిట్లూ ఎక్కించేరు, అవి లేకపోతే కట్టమేనని డాక్టరమ్మ నాతో సెప్పింది!" అని ఒకటే కేకలు. వెనకనుంచి పాప ఏడుపు కూడా వినిపించింది. దేవీప్రసాద్ గారు ఫోను నా చేతిలోంచి తీసుకుని చెవికి పెట్టుకుని, ఆ ఏడుపే వింటూ నిలబడ్డారు. నాలుగోరోజు ఎల్లారావు గారు బుట్టెడు రొయ్యలు పట్టుకుని ఆఫీసుకి వచ్చాడు. దేవీప్రసాద్ గారు ముట్టరు కదా, అన్నీ నాకే ఇచ్చేశారు. ఇంటికి తెస్తే నాన్న చూసి, "జాలరోళ్లింటికి రొయ్యలు మోసుకొచ్చేవేటే!" అని ఆశ్చర్యపోయాడు. నాలుగిళ్లకి పంచాం.

తర్వాత వారమంతా కూర్చుని గడి మళ్లీ సరిగ్గా కట్టాను. ఈసారి లోపలి పేర్లు నేనే రాశాను. ప్లస్సు మైనస్సు గుర్తులు లేకుండా, పాజిటివ్, నెగటివ్ అని అక్షరాలతో పెట్టాను. నెగటివ్ వాళ్లందరివీ కాగితాలు బయటికి తీసి, దేవీప్రసాద్ గారు చదువుతుంటే నేను ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను. మొత్తం ముప్ఫై ఎనిమిది మంది. ఏ మార్పు చేసినా ముందు కాపీ ఒకటి దాచుకోవడం, తర్వాత తెలిసినవాళ్ల పేజీలు పదైనా తెరిచి చూసుకోవడం నేర్చుకున్నాను. ఆయన తిడతానన్న తిట్లు ఇంకా తిట్టలేదు.

నువ్వడిగినవి ఇంకొన్ని ఉన్నాయి. వంటగది పైన కారేచోట నాన్న తారు పూశాడు, మొన్నటి వానకి ఒక్క చుక్క పడలేదు. నీ కుట్టుమిషను మీద దుప్పటి కప్పే ఉంచాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అక్కకి పాలు చాలడం లేదన్నావు కదా, నెత్తళ్లు ఎండబెట్టినవి ఇక్కడివే పంపుతున్నాను, అక్కడివాటికి ఆ రుచి రాదని అక్క అంటుంది.

ఇక ఆఖరి ప్రశ్న. "ఆదివారం ఫోన్ సేత్తే నువ్వు నేవు. మీ నాన్ననడిగితే నసిగేడు. ఎక్కడికెల్తన్నావే?" అని రాశావు.

అమ్మా, మల్కాపురం వెళ్తున్నాను.

ఆ ఏడో పేరు దొరబాబు. అవును, మావయ్యే. ఉత్తరం మడిచెయ్యకు, మాట ఇచ్చావు.

తెర మీద ఆ పేరు చూడగానే నాకు తెలిసిపోయింది. దొరబాబులు ఊళ్లో ఎంతమందైనా ఉంటారు గానీ, మల్కాపురంలో ఉంటూ, రిఫైనరీలో వెల్డింగు పని చేస్తూ, పుట్టిన ఊరు పెదజాలరిపేట అని రాసుకునే దొరబాబు ఇంకెవరుంటారు? పది నిమిషాలు ఆ నంబరు నొక్కలేదు. అది కూడా ఒప్పుకుంటున్నాను. నూకాలక్కని చేసుకుంటానని ఒప్పుకుని, పందిరి వెయ్యబోతుండగా విశాఖ పాత ఊళ్లో ఉండే రషీదాని చేసుకుంటానని వెళ్లిపోయిన మనిషి. అక్క నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. "నాకు తమ్ముడు లేడు" అని నువ్వు వీధిలో నిలబడి అన్నావు. తొమ్మిదేళ్లుగా మనింట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. నాకప్పుడు పదహారేళ్లు, అంతా గుర్తుంది. కానీ గుమ్మంలో ఎల్లారావు గారు కూర్చుని గడియారం చూస్తున్నాడు. నొక్కేశాను.

"ఎవులండీ?" అన్నాడు. అదే గొంతు.

నా పేరు చెప్పలేదు. సంఘం పేరు చెప్పి, ఇలా ఒకావిడకి అవసరమని చెప్పాను. ఎవరు, ఏమిటి అని ఒక్క మాట అడగలేదు. "ఏ ఆసుపత్రండీ? ఎన్నింటికి రావాల? మేస్త్రీకి సెప్పేసి బేగి వొచ్చెత్తాను" అన్నాడు.

నేను ఆసుపత్రి గుమ్మంలో ఎదురుచూస్తుంటే, నాలుగింటికి బండి మీద వచ్చాడు, వెనక రషీదా అత్త. జుట్టు నెరిసింది. నన్ను దాటి లోపలికి వెళ్లబోయి ఆగాడు. వెనక్కి వచ్చి మొహంలోకి చూశాడు.

"నువ్వు... ధనానివి గదా?"

"అవును మావయ్యా."

"అక్క పంపిందేటే నిన్ను?" అన్నాడు. ఆ అడగడంలో మొహం ఎలా వెలిగిందో నువ్వు చూడలేదు గానీ, నేను చూశాను. అబద్ధం చెప్పబుద్ధేసింది. కానీ చెప్పలేదు.

"లేదు. అమ్మకి తెలీదు. ఇది నా ఉద్యోగం."

తల ఊపి లోపలికి వెళ్లి చొక్కా చెయ్యి మడుచుకుని పడుకున్నాడు. నేనూ అత్తా బయట బల్ల మీద కూర్చున్నాం. "ఎప్పటినుంచి ఇస్తున్నారు?" అని అడిగాను.

"మూడేసి నెల్లకోసారి ఇత్తానే ఉంటారమ్మా, పండగైనా మానరు" అంది అత్త. "ఎందుకని అడిగితే, మా అక్కకిచ్చిన్నాడు మొదలెట్టేను, ఆపబుద్దెయ్యదు అంటారు."

"ఏ అక్కకి?"

అత్త నా వైపు వింతగా చూసింది. "మీ అమ్మకేనమ్మా. నువ్వు పుట్టినప్పుడు. నీకు తెల్దా?"

నాకు తెలీదమ్మా. పాతికేళ్లుగా నీకు తెలుసు, నాన్నకి తెలుసు. నాకే తెలీదు. నన్ను కనేటప్పుడు నీకు రక్తం ఆగకపోతే, పద్దెనిమిది నిండి వారమైనా కాని మావయ్య, వయసు తక్కువని తిప్పిపంపేస్తారేమోనని బడి సర్టిఫికెట్టు పట్టుకుని పేట నుంచి ఆసుపత్రికి పరిగెత్తాడట. ఎల్లారావు గారు ఆ ఉదయం ఎలా నిలబడ్డాడో, మావయ్య అప్పుడు అలాగే నిలబడి ఉంటాడు. ఆ రోజు అతను రాకపోతే నాకు నువ్వు లేవు. నేను గోడకి ఆనుకుని ఏడ్చేశాను. పొద్దున్నుంచి ఆపుకున్నదంతా అప్పుడే వచ్చేసింది.

మావయ్య బయటికొచ్చి నన్ను చూసి అత్త మీద కేకలేశాడు. "సెప్పేసేవేటి? సిన్నపిల్లకి ఇయ్యన్నీ ఎందుకు సెప్తావ్!" తర్వాత నా పక్కన కూర్చుని బిస్కెట్టు నములుతూ నెమ్మదిగా అన్నాడు: "ధనం, నాను తప్పు సేసేను. నూకాలుకి ముందే సెప్పాల. పెళ్లి పెట్టుకున్నాక సెప్పేను. పిల్లని నలుగుర్లో నవ్వులపాలు సేసేను. అది నా తప్పే, ఎవులడిగినా ఒప్పుకుంటాను. రషీదాని సేసుకోడం మాత్రం తప్పు కాదు."

ఇన్నేళ్లలో ఎవరూ అతన్ని అడగలేదు. నేనూ ఆ రోజు అడగలేదు, తనే చెప్పాడు.

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. తర్వాత ఆదివారం కూడా వెళ్లాను. రెండు చిన్న గదులు, బయట గోడంతా మల్లెతీగ. వాళ్లకో పాప, తబస్సుమ్, ఏడేళ్లు. ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. నా ఒళ్లోకి ఎక్కి కూర్చుని, "నువ్వు నాకేటవుతావు?" అని అడిగింది. "వదినని" అన్నాను. ఆ మాట అనేదాకా నాకూ తట్టలేదు, మేనమామ కూతురు ఒకతె ఉందని. ఆపకుండా వదినా వదినా అని పిలిచి నా ప్రాణం తీసేసింది.

నాన్నకి చెప్పకుండానే వెళ్లాను గానీ, పేటలో ఏది దాగుతుంది? రెండో ఆదివారం నేను చెప్పులేసుకుంటుంటే పడవ దగ్గరనుంచి వచ్చి, కోనాం చేప ఉన్న సంచీ ఒకటి నా చేతిలో పెట్టాడు. "మల్కాపురం ఎల్తన్నావంట గదా. తలకాయ దొరబాబుకెయ్యమను, ఆడికి తలకాయంటే పేణం" అన్నాడు. గుమ్మం దాటాక మళ్లీ పిలిచి, "మీ అమ్మకి నాను సెప్పనేను. నువ్వే రాయి. దాయొద్దు" అన్నాడు. అందుకే నసిగాడు, కోప్పడకు.

అక్కకి మాత్రం మొన్న ఫోనులో చెప్పేశాను. సిగ్నలు ఉన్న ఆ కాస్తలోనే అక్క అంది: "నాకేటి బాదే? నాకు మీ బావ దొరికేడు. బాద పడతన్నది అమ్మే. అమ్మకి రాయి." అంతే, తెగిపోయింది. ఇప్పుడు అక్క నీ పక్కనే ఉంటే ఈ కాగితం తనకి ఇచ్చి, ఒకసారి తన మొహం చూడు.

నీ మాట దాటాను. దానికి నువ్వేం తిట్టినా పడతాను. కానీ అమ్మా, ఆ రోజు సాయంత్రం అతను చెయ్యి చాచి పడుకుని ఉంటే, నువ్వు అక్కడుంటే బాగుండునని ఎంతగానో అనిపించింది. మావయ్య నన్ను ఏమీ అడగలేదు, చెప్పమనీ అనలేదు. నేను బస్సెక్కేటప్పుడు మాత్రం, "అక్క ఏ ఓడకొత్తంది?" అని అటు తిరిగి అడిగాడు.

వచ్చే నెల ఓడకి నువ్వు బయల్దేరుతున్నావని అక్క చెప్పింది. ఆ రోజు నేనూ నాన్నా పోర్టుకి వస్తాం. మాతోపాటు ఇంకో ముగ్గురు నిలబడాలని నా కోరిక. వద్దంటావా, ఈ ఉత్తరం అందగానే ఒక్క ముక్క రాసి, ఓడ కంటే ముందే ఎవరిచేతైనా పంపు. వాళ్లకి నేను నచ్చజెప్పుకుంటాను, నొచ్చుకోరు. నీ దగ్గరనుంచి ఏ కబురూ రాకపోతే మాత్రం, రమ్మన్నట్టే అనుకుంటాను.

బుల్లిగాడికి ముద్దులు. అక్కనీ బావనీ అడిగానని చెప్పు. నువ్వు వేళకి తిను.

ఇట్లు,
ఈ ఒక్కసారికి నీ ఉత్తరం రాకూడదని కోరుకుంటున్న
నీ చిన్నకూతురు
ధనం